హలో అక్క ఓటు

మైకు ముందు నిలబడి "హలో, హలో" అనడం తప్ప ఆమె ఏ సభలోనూ మరో మాట మాట్లాడి ఎరగదు. అందుకే ఊరందరికీ ఆమె హలో అక్క అయింది. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా వరస చూసుకోకుండా అలాగే పిలుస్తారు. పెళ్ళయినా, బడిలో వార్షికోత్సవమైనా, ఎన్నికల సభయినా మైకుసెట్టు ఆమెదే. పార్టీలకి ఒకరంటే ఒకరికి పడదు గాని, హలో అక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట.

బుధవారం సాయంత్రం మైదానంలో గొడుగు పార్టీ సభ. మధ్యాహ్నం నుంచే తమ్ముడు స్తంభాలెక్కి హారన్లు కడుతున్నాడు. ఆమె కింద నిలబడి కేబుల్ చుట్ట విప్పుతూ, జనం కాళ్ళకి తగలకుండా అంచుల వెంట పరుచుకుంటూ పోయింది. జనరేటర్ని వేదికకి దూరంగా, రోడ్డు పక్కన పెట్టించింది. మిక్సర్ బల్ల జనం వెనక, వేదికకి ఎదురుగా. అక్కడ కూర్చుంటే జనరేటర్ దగ్గరున్న తమ్ముడికి ఆమె చెయ్యి కనపడుతుంది. అరచెయ్యి కిందికి ఊపితే జనరేటర్ వేగం తగ్గించాలి, పైకి ఊపితే పెంచాలి, పిడికిలి ఎత్తితే ఆపెయ్యాలి. ఇన్నేళ్ళలో సభ మధ్యలో పిడికిలి ఎత్తే అవసరం ఎప్పుడూ రాలేదు.

అంతా బిగించాక మైదానం నాలుగు మూలలకీ నడిచి వినడం ఆమెకి అలవాటు. "హలో, హలో" అని తమ్ముడు అంటూ ఉంటే ఆమె ఒక్కో మూలా నిలబడి తల కొంచెం వంచి వింటుంది. ఈ మధ్య ఆ తల ఎడమకి వంగుతోంది. కుడి చెవి శబ్దం వైపు పెట్టుకోవాలి మరి. ఎడమ చెవిలో కొన్నాళ్ళుగా సన్నటి ఈల తప్ప ఇంకేమీ లేదు. ఫోను ఎడమ చెవికి పెట్టుకుంటే అవతలి మనిషి ఉన్నాడో లేడో తెలియదు. ఈ సంగతి మొగుడికి చెప్పలేదు, తమ్ముడికి చెప్పలేదు. మైకుసెట్టు మనిషికి చెవుడంటే వంటమనిషికి నాలుక చచ్చినట్టే. ఒక్కరికి తెలిస్తే చాలు, మర్నాటికి ఊరంతా గుప్పుమంటుంది, ఆ తర్వాత పిలిచేవాడు ఉండడు. హలో అక్క గుండెల మీద కుంపటి అదే.

ఆ చెవి వల్ల ఇంకో విచిత్రం కూడా జరిగింది. ఇన్నాళ్ళూ ఆమె సభల్లో మాటలు వినలేదు, శబ్దం మాత్రమే విన్నది. గొంతు బొంగురుపోతోందా, మైకు కీచుమంటుందా, ఇవే ఆమె ధ్యాస. మనిషి దేశం అమ్మేస్తానన్నా, ఇంటింటికీ ఏనుగునిస్తానన్నా ఆమెకి ఒకటే. ఇప్పుడు ఒంటి చెవితో శబ్దం బాగుందో లేదో తెలియాలంటే మాట మాటా పట్టుకుని వినాల్సి వస్తోంది. మాట అర్థమైతే శబ్దం బాగున్నట్టు. అలా వినడం మొదలుపెట్టేసరికి, ఎన్నడూ లేనిది, మాటలు బుర్రలోకి దిగడం మొదలుపెట్టాయి.

"ప్రసూతి ఆసుపత్రిని ఊరి బయటికి తరలిస్తామంటున్నారు. నొప్పులొచ్చిన ఆడమనిషి అంత దూరం ఎలా వెళ్తుంది? రోడ్డు మీదే కంటుందా?" అంది గొడుగు పార్టీ అభ్యర్థి. ఆవిడ ఒకప్పటి నర్సు. గొంతులో ఆర్భాటం లేదు.

హలో అక్క తల ఊపింది. ఊపాక తనే ఉలిక్కిపడింది. ఓహో, నేను గొడుగు మనిషినన్నమాట అనుకుంది. ఇంత వయసొచ్చాక తానెవరో తెలిసినందుకు మనసు తేలికపడింది. ఆ సంతోషం పది నిమిషాలు కూడా నిలవలేదు. ఆసుపత్రికి డబ్బెక్కడిదంటే, చిన్నా పెద్దా వ్యాపారాలన్నిటికీ లైసెన్సు ఫీజు పెంచుతామంది ఆవిడ. మైకుసెట్లు, టెంట్లు, అద్దె కుర్చీలు అని పేరుపేరునా చదివింది. ఊగుతున్న తల టక్కున ఆగిపోయింది.

అప్పుడే ఎడమ పక్క బెంచీల నుంచి ఒకాయన చెవి మూసుకుంటూ వచ్చాడు. "అక్కా, ఆ పక్క హారన్ చెవులు చిల్లులు పొడిచేస్తోంది. కాస్త తగ్గించు తల్లీ."

"కేబుల్ తేడా చేసినట్టుందండీ, చూస్తాను," అందామె. చూడ్డానికేమీ లేదు. కుడి పక్కది వినపడుతోంది, ఎడమ పక్కది వినపడటంలేదని తనే ఆ మీట పైకి తోసింది. మిక్సర్ మీది లైట్ల వంక చూసి అంచనాగా కిందికి దింపింది.

*

గురువారం పొద్దున వంటింట్లో అత్తగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఆవిడ పెద్దగా మాట్లాడదు. మాట్లాడినా పక్క గదిలోకి వినపడదు. మామగారు బతికున్న రోజుల్లో ఆయన చెప్పిన గుర్తుకి, ఆ తర్వాత కొడుకు చెప్పిన గుర్తుకి ఓటేసి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించుకునే మనిషి.

ఆ కొడుకే హలో అక్క మొగుడు. స్కూలు వ్యాను డ్రైవరు, నిచ్చెన పార్టీ వార్డు కమిటీలో మెంబరు. చొక్కాకి నిచ్చెన బ్యాడ్జీ పెట్టుకుని మరీ టీ తాగుతాడు.

"అమ్మా, శనివారం మా సభలో నువ్వు మాట్లాడాలి," అన్నాడు.

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "నేనా? నాకేమొచ్చు నాయనా?"

"ఏం రానక్కర్లేదు. మా పార్టీ పెద్దాయన వస్తున్నాడు. ఒక పెద్దావిడ చేత రెండు ముక్కలు చెప్పిస్తే బాగుంటుందని కన్వీనరు అన్నాడు. మా అమ్మ ఉందిగా అన్నాను. 'నిచ్చెన పార్టీ లైసెన్సు ఫీజు తగ్గిస్తామంది, మా కోడలిలాంటి వాళ్ళకి మేలు. అందరికీ నమస్కారం.' అంతే. ఏదీ, ఒకసారి అను."

అత్తగారు కోడలి వంక చూసింది. తర్వాత పాఠం అప్పజెప్పినట్టు ఆ రెండు ముక్కలూ అంది. కొడుకు చప్పట్లు కొట్టాడు.

"మన ఇంట్లో మూడు ఓట్లు. మూడూ నిచ్చెనకే. నీ సంగతి చెప్పక్కర్లేదు, ఫీజు తగ్గితే అందరికన్నా లాభం నీకే," అన్నాడు పెళ్ళాంతో.

నిజమే. అందులో వంక పెట్టడానికేమీ లేదు. "మరి ఆసుపత్రి సంగతి మీ పార్టీ ఏమంటుందండీ?" అందామె.

"అది మా టాపిక్ కాదు."

"మీ టాపిక్ కాకపోతే నొప్పులు రావడం ఆగుతుందా?"

"అబ్బో! బుధవారం గొడుగు వాళ్ళ మైకు పెట్టి, గురువారానికి గొడుగు పట్టుకొచ్చావే! రేపు తాళంచెవి వాళ్ళ మైకు పెడతావుగా, ఎల్లుండికి తాళంచెవి తెస్తావు. గోడమీద పిల్లీ!" అని నవ్వుతూ వ్యాను తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన సరదాకే అన్నాడు. ఆమెకి మాత్రం గుచ్చుకుంది. ఈ ఊళ్ళో అందరికీ ఒక పార్టీ ఉంది, తనకి మాత్రం మనసు ఒక చోట నిలవదు, తనలోనే ఏదో తిక్క ఉందనుకుంది. అత్తగారు లేచి, బల్ల చుట్టూ తిరిగి ఇవతలి పక్కకొచ్చి, "టీ చల్లారిపోతోంది అమ్మాయ్," అంది.

*

శుక్రవారం తాళంచెవి పార్టీ. అభ్యర్థి కళ్ళ డాక్టరు. సన్నగా, పొడుగ్గా, మైకుని నోట్లో పెట్టుకున్నంత దగ్గరగా పట్టుకుని మాట్లాడతాడు. హలో అక్క రెండుసార్లు వెళ్ళి దూరం జరిపింది, రెండుసార్లూ మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ ఊళ్ళో నిద్రపోవడానికి వీల్లేదు, చదువుకోవడానికి వీల్లేదు," అన్నాడాయన. "మేం గెలిస్తే రాత్రి తొమ్మిది దాటాక మైకు మోగదు. ఇళ్ళ వైపు హారన్లు తిప్పకూడదు. ఎంత మోగాలో దానికో హద్దు పెడతాం. ఈ మాట మైకులోనే చెబుతున్నందుకు అదిగో ఆ వెనకున్న అమ్మాయికి నా మీద కోపం రావచ్చు!"

జనం వెనక్కి తిరిగి ఆమెని చూసి నవ్వారు. ఆమె తల ఊపుతోంది. ఎడమ చెవిలో ఈల మోగుతుండగా, వేలు మీట మీద ఉండగా, అవును నాయనా, నిజం చెప్పావు అని తల ఊపుతోంది. పక్కనే కేబుల్ సర్దుతున్న తమ్ముడు చూసి నిర్ఘాంతపోయాడు.

"తల ఊపుతావేంటక్కా? మన కడుపు మీద కొట్టే మాట అది!"

"తెలుసురా."

"తెలిసే ఊపుతున్నావా?"

ఆమెకీ ఆశ్చర్యంగానే ఉంది. తనకి నష్టం కలిగే మాట తనకే న్యాయంగా తోచడం ఎక్కడైనా ఉందా? మనసు తన మాట వినకుండా, ఎవరో పెద్ద మనిషిలాగా, తనంతట తాను తీర్పులు చెబుతోంది. కాసేపటికి ఆ డాక్టరే, ఆసుపత్రిని ఊరి బయటికి మారిస్తేనే విశాలంగా ఉంటుందన్నాడు. ఆమె తల ఆగిపోయింది. మీట మీద చెయ్యి ఆన్చుకుని వేదిక మీది తాళంచెవి బొమ్మని కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది.

శనివారం పొద్దున మళ్ళీ మొగుణ్ణి కదిపింది. "ఒక పార్టీకి ఓటేస్తే దాని మాటలన్నీ మింగాలా?"

"ముద్దలో రాయి తగిలిందని పళ్ళెం విసిరేస్తామా? తీసి పక్కన పెట్టి తింటాం."

"ఒక రాయయితే తీస్తాను. ముద్దకో రాయి తగిలితే?"

"అప్పుడు వండినవాళ్ళని అడగాలి," అంది అత్తగారు. ఇద్దరూ ఆవిడ వంక చూశారు. ఆవిడ అప్పటికే గిన్నె తోముకుంటోంది.

*

శనివారం సాయంత్రం మైదానం నిండిపోయింది. నిచ్చెన పార్టీ పెద్దాయన వస్తున్నాడంటే పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. ఇంకా ఎండ పూర్తిగా తగ్గలేదు. తోరణాల నీడలు కుర్చీల మీద ఊగుతున్నాయి. హలో అక్క అదనంగా రెండు హారన్లు కట్టించింది. ఎడమ పక్కది ఎంత పెట్టాలో తేలక తమ్ముణ్ణి అటు పంపి, "ఎలా ఉంది?" అని సైగ చేసింది. వాడు రెండు చెవులూ మూసుకుని చూపించాడు. తగ్గించింది.

కన్వీనరు వేదిక మీద అటూ ఇటూ పరుగులు పెడుతున్నాడు. సభ మొదలయ్యే ముందే ఆమె దగ్గరికొచ్చి, "నా చెయ్యి చూస్తూ ఉండు అక్కా. ఇలా అంటే ఆపెయ్యి," అని గొంతు మీద వేలు అడ్డంగా గీసి చూపించాడు. "జనంలో ఎవడైనా పిచ్చివాగుడు మొదలుపెడితే పాట వేసెయ్యి. గెలిచాక విజయోత్సవానికి మైకు కూడా నీదే." మైకు ఎవరు పెట్టించుకుంటే మీట వాళ్ళ చేతిలో ఉన్నట్టే. ఇది ఈ వ్యాపారంలో రాసుకోని ఒప్పందం. ఆమె ఎప్పుడూ తప్పలేదు.

పెద్దాయన మాట్లాడాడు. గొంతు ఉరుములా వచ్చింది. ఆమె అమర్చిన గొంతే అది. ఆయన సన్నటి స్వరానికి కింద కాస్త గాంభీర్యం కలిపి వదులుతోంది. ఫీజు తగ్గింపు గురించి చెప్పినప్పుడు ఆమె మనస్ఫూర్తిగా తల ఊపింది. తర్వాత వార్డు పెద్దావిడ మాట్లాడుతుందని ప్రకటించారు. మొగుడు తల్లి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. అత్తగారు మైకుని రెండు చేతులా, వేడి గ్లాసు పట్టుకున్నట్టు పట్టుకుంది.

"నిచ్చెన పార్టీ లైసెన్సు ఫీజు తగ్గిస్తామంది. మా కోడలిలాంటి వాళ్ళకి మేలు. అందరికీ నమస్కారం."

చప్పట్లు మోగాయి. కన్వీనరు నవ్వుతూ మైకు కోసం చెయ్యి చాపాడు. ఆవిడ ఇవ్వలేదు. భుజం కాస్త పక్కకి తిప్పుకుంది.

"ఒక్క నిమిషం బాబూ. నాకొక సందేహం ఉంది. ఎవరినడగాలో తెలీక ఇన్నాళ్ళూ అడగలేదు. మా వంటింటి కిటికీ ఈ మైదానం వైపే. ఇక్కడ ఎవరు మాట్లాడినా నాకు వినపడుతుంది. మొన్న గొడుగు వాళ్ళన్నదీ విన్నాను, నిన్న డాక్టరు గారన్నదీ విన్నాను..."

కన్వీనరు ముఖంలో నవ్వు మాడిపోయింది. వెనక బల్ల వైపు చూసి గొంతు మీద వేలు గీశాడు. హలో అక్క చూసింది. మొగుడు కూడా వేదిక మీంచి ఆమెనే చూస్తున్నాడు, ఏం చెయ్యాలో తెలియక బ్యాడ్జీ సవరించుకుంటున్నాడు. ఆమె వేలు, అలవాటైన వేలు, మీటని కిందికి లాగేసింది. లాగాక గాని ఎవరి గొంతు నొక్కేసిందో ఆమెకి తట్టలేదు.

హారన్లలో గొంతు పోయింది. అత్తగారికి ఆ సంగతి తెలియలేదు. పెదాలు కదులుతూనే ఉన్నాయి. జనరేటర్ మోత, హారన్ల బుస్సు మధ్య ఆ వంటింటి గొంతు మొదటి వరస కూడా దాటటంలేదు. "వినపట్టంలేదు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. కన్వీనరు ఇప్పుడు చెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పుతున్నాడు. పాట వెయ్యమని.

పాట సిద్ధంగా ఉంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు. హలో అక్క దాని వంక చూసింది. వేదిక మీద మైకు పట్టుకుని, అందరూ వింటున్నారనుకుని ఎంతో నమ్మకంగా మాట్లాడుతున్న ఆ చిన్న మనిషి వంక చూసింది. ఒళ్ళంతా సిగ్గుతో వేడెక్కింది. ఆపమన్నాడుగా, సరే, అంతా ఆపుదాం అనుకుంది.

లేచి నిలబడి పిడికిలి ఎత్తింది.

దూరంగా జనరేటర్ పక్కనున్న తమ్ముడికి అర్థం కాలేదు. ఏంటి అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆమె పిడికిలి ఇంకా పైకెత్తింది. జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. హారన్ల బుస్సు ఆగింది. వేదిక మీద ఫ్యాన్లు నెమ్మదించి నిలిచిపోయాయి.

అప్పుడు వచ్చిన నిశ్శబ్దాన్ని ఆమె జన్మలో వినలేదు. ఈ మైదానానికి ఆమె ఎప్పుడు వచ్చినా శబ్దాన్ని వెంట తెచ్చుకునే వచ్చింది. శబ్దం లేకుండా ఇది ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. తోరణాల కాగితాలు గాలికి రెపరెపలాడటం వినిపించింది. ఎవరో కుర్చీలో సర్దుకోవడం వినిపించింది. ఎక్కడో సైకిల్ బెల్లు. అన్ని వేల మంది ఊపిరి తీస్తున్న చప్పుడు కూడా ఒక చప్పుడేనని ఆమెకి అప్పుడే తెలిసింది. మొదటి వరసలో వాళ్ళు "ష్" అన్నారు. వాళ్ళ వెనక వరస "ష్" అంది. అది గాలి వీచినట్టు వెనక్కీ వెనక్కీ వచ్చి, ఆమె బల్ల దాటి, రోడ్డు దాకా వెళ్ళింది. మనుషులు ముందుకి వంగారు. అంత పెద్ద మైదానం ఒక ముసలావిడ నోటి దగ్గరికి చెవి తెచ్చి పెట్టింది.

అత్తగారి గొంతు వినపడింది. అన్నం వడ్డిస్తూ మాట్లాడే గొంతే. ఒంటి చెవికి, అంత దూరానికి, మాట మాటా అందింది.

"...మీరు ఫీజు తగ్గిస్తామన్నారు, అది న్యాయం. గొడుగు వాళ్ళు ఆసుపత్రి ఇక్కడే ఉంచుతామన్నారు, అదీ న్యాయమే. నా బిడ్డని నేను అక్కడే కన్నాను. నాకిప్పుడు దాంతో పని లేదనుకో, ఉన్నవాళ్ళు ఉంటారు కదా. డాక్టరు గారు మైకులు తగ్గించమన్నారు. అది మా ఇంటికి నష్టం. అయినా ఆ మాట నిజం."

కన్వీనరు కదలబోతే ముందు వరసలో ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా కోడలికి ఎడమ చెవి వినపడదు. అది ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. ఎడమ పక్కన, మా వీధి వైపు హారన్ రోజురోజుకీ పెద్దగా మోగుతుంటే నాకే తెలిసింది. మైకులు తగ్గిస్తే పిల్లకి పని తగ్గుతుంది. తగ్గించకపోతే రెండో చెవి కూడా పోతుంది. నాకు ఈ మూడూ కావాలి. ఈ మూడూ ఒక్క చోట ఎందుకు లేవు బాబూ? నాకున్నది ఒక్క ఓటు. దాన్ని తీసుకెళ్ళి దేంట్లో వెయ్యను? ఇది తప్పు ప్రశ్నయితే చెప్పు, దిగిపోతాను."

హలో అక్క కుర్చీలో కూలబడింది. వేల తలలు తన వైపు తిరిగాయి. ఏ సంగతి ఊరికి తెలియకూడదని ఇన్నాళ్ళూ కాపాడుకుందో, ఆ సంగతి చెప్పడానికి మైదానాన్ని నిశ్శబ్దం చేసింది తనే. చెయ్యి దానంతట అది ఎడమ చెవి మీదికి పోయింది. భయం వేసింది, ఏడుపొచ్చింది. వాటన్నిటికన్నా పెద్దదిగా, మాటల్లో పెట్టలేని అబ్బురం ఒకటి గుండెల్లో లేచింది. ఇంట్లో ఈవిడ ఎప్పుడు మాట్లాడాలన్నా బల్ల చుట్టూ తిరిగొచ్చి తన కుడి పక్కన నిలబడేది. అది వంటిల్లు ఇరుకై అనుకుంది తను. చిక్కుడుకాయల ముందు తలవంచుకుని కూర్చున్న మనిషి మూడు పార్టీలనీ విని, తూచి, తన చెవిని కూడా అందులో వేసి తూచింది. తనలో ఉన్నది తిక్క అయితే అదే తిక్క ఈవిడలోనూ ఉంది. ఈవిడ దాన్ని దాచుకోకుండా ఊరి ముందు పెట్టి నిలబడింది.

పెద్దాయన లేచాడు. మైకు అందుకుని వేలితో తట్టాడు. చప్పుడు లేదు. వేదిక అంచుకి వచ్చి నిలబడి, "అమ్మా," అన్నాడు. మైకు లేకపోతే ఆయన గొంతు పక్కింటాయన గొంతులాగే ఉంది.

"మీ మూడూ న్యాయమే. మూడూ నా చేతిలో లేవు." భుజం మీది కండువా సర్దుకున్నాడు. "మా పార్టీలో నాకు నచ్చనివి కూడా కొన్ని ఉన్నాయి."

ఆ మాట అన్నాక, అనకుండా ఉండాల్సిందేమో అన్నట్టు కన్వీనరు వంక చూశాడు. ఎవరో నవ్వారు. నవ్వు అలా వెనక దాకా పాకింది. వెక్కిరింపు కాదది, ఇంట్లోవాళ్ళ నవ్వు. అత్తగారు మైకుని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, కొడుకు చెయ్యి పట్టుకోకుండానే మెట్లు దిగింది.

*

ఆదివారం పొద్దున్నే కన్వీనరు ఫోను చేసి, విజయోత్సవానికి వేరే సెట్టు చూసుకుంటున్నామని చెప్పాడు. ఆమె ఫోను కుడి చెవి దగ్గర్నుంచి తీసి పక్కన పెట్టింది. ఇంకొకరు కూడా ఫోను చేశారు, ఏదో నసిగి పెట్టేశారు. అనుకున్నదే అయింది.

మొగుడు వ్యాను కడిగాడు. కడిగిన వ్యానునే మళ్ళీ కడిగాడు. చివరికి తడి చేతులతో లోపలికొచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"మా అమ్మకి తెలిసింది, నాకెందుకు తెలీలేదు?"

ఆమె అతని తడి చేతులకి తువ్వాలు అందించబోయింది. ఆయన తీసుకోలేదు.

"నా పరువు సంగతి సరే. ఊరంతటితో పాటు నేనూ వినాల్సి వచ్చింది చూడు, అది బాధగా ఉంది."

"చెబితే మైకులు మానెయ్యమంటారని."

"అంటాను. అంటానేమో. తెలీదు." బ్యాడ్జీ లేని చొక్కాకి చేతులు తుడుచుకున్నాడు. "డాక్టరుకి చూపిద్దాం ముందు. రేపు ఓటేశాక వెళ్దాం."

అత్తగారు వంటింట్లోంచి, "అమ్మాయ్, నేను నీ పని చెడగొట్టానా?" అంది. ఆ గొంతులో నిన్నటి ధైర్యం లేదు.

"చెడితే చెడింది అత్తయ్యా. నిన్న నేను మీ గొంతు ఆపాను. ముందు దానికి తిట్టండి."

"ఆపావా? ఎప్పుడు?" అంది ఆవిడ నిజంగా ఆశ్చర్యపోతూ. "అందరూ అంత శ్రద్ధగా వింటుంటేనూ!"

*

సోమవారం పోలింగ్. బడి గోడ చుట్టూ వరస తిరిగి రోడ్డెక్కింది. హలో అక్క ఆడవాళ్ళ వరసలో నిలబడింది. నలుగురూ తన చెవిని చూస్తున్నారని తెలుస్తోంది. ముందున్న దర్జీ ఆవిడ వెనక్కి తిరిగి, ఆమె కుడి పక్కకి జరిగి, గొంతు తగ్గించి అంది: "అక్కా, మీ అత్తగారు అడిగింది నేను పదేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. నాకు తాళంచెవిలో ఒకటి, నిచ్చెనలో రెండు. మా ఆయనకి చెబితే చంపేస్తాడు."

"నాకు గొడుగులో ఒకటే నచ్చింది, అదీ సగం," అంది ఇంకొకావిడ వెనక నుంచి. ఎవరూ అడక్కుండానే ఒక్కొక్కరూ చెబుతున్నారు, దొంగతనం ఒప్పుకున్నట్టు.

లోపల అట్టపెట్టె మాటున నిలబడి ఆమె ఓటు కాగితం విప్పింది. గొడుగు, నిచ్చెన, తాళంచెవి. ఏదీ తనది కాదు. మూడింట్లోనూ తన ముక్క ఉంది. మూడిట్నీ చింపి అతికించుకునే వీలుంటే ఎంత బాగుండునో అనిపించింది. "త్వరగా అమ్మా," అన్నాడు లోపలి గుమస్తా. ఆమె ముద్ర చేతిలోకి తీసుకుంది. తల ఏ మాటకి ఎక్కువసేపు ఊగిందో గుర్తు తెచ్చుకుంది. లాభం వచ్చే మాటకి ఎవరైనా ఊపుతారు, తను నష్టం వచ్చే మాటకీ ఊపింది. తాళంచెవి మీద ముద్ర గట్టిగా వేసి, మడిచి, పెట్టెలో వేసి బయటికొచ్చింది.

అత్తగారు అప్పటికే వేసి గేటు దగ్గర నీడలో నిలబడి ఉంది.

"ఎవరికేశావు అమ్మాయ్?"

"తాళంచెవికి."

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "మరి నీ మైకులు?"

"ఉన్న పిలుపులు కూడా పోయాయిగా. వచ్చినప్పుడు తొమ్మిదింటికి ఆపేస్తాను. ఉన్న ఒక్క చెవీ మిగుల్చుకోవద్దూ? మీరు?"

అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేను నీకోసమని నిచ్చెనకి వేసొచ్చానే! నా నోటి వల్ల నీ పని పోయె, కనీసం ఫీజయినా తగ్గుతుందని. నాకు నిజానికి ఆ మైకుల గోల తగ్గితే చాలు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. గోడకి చేరబడి, కడుపు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. గేటు దగ్గర పోలీసు "ఇక్కడ నవ్వకూడదమ్మా" అన్నాడు, అలాంటి రూలేమైనా ఉన్నట్టు.

"అయితే మనిద్దరి ఓట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి అత్తయ్యా. సున్నా."

"సున్నా ఎందుకవుతుంది?" అంది అత్తగారు నవ్వు ఆపుకుంటూ. "ఒకటి నువ్వు వేశావు, ఒకటి నేను వేశాను. రెండూ పడ్డాయి."

మగవాళ్ళ వరసలోంచి మొగుడు బయటికి వచ్చాడు. "ఏమైంది, ఎందుకలా నవ్వుతున్నారు?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. తను ఎవరికి వేశాడో ఆయనా చెప్పలేదు. ఎన్నికల రోజున ఆయన నోటి వెంట నిచ్చెన మాట రాకపోవడం అదే మొదటిసారి.

హలో అక్క వెనక్కి తిరిగి వరస వంక చూసింది. అది ఇంకా పెరిగింది. బడి గోడ దాటి, మలుపు తిరిగి, కనపడనంత దూరం పోయింది. మొన్నటిదాకా వీళ్ళందరికీ ఒక్కో పార్టీ ఉందనుకుంది. ఇప్పుడు చూస్తే ఒక్కో తలలో మూడేసి పార్టీలు, ఇంట్లోవాళ్ళ మీద ప్రేమ, వాళ్ళకి చెప్పుకోలేని భయం, అన్నీ కలిసిన కలగూరగంప. అంతటినీ మోసుకుంటూ, ఒక్క ముద్ర కోసం ఎండలో ఓపిగ్గా నిలబడ్డారు. ఆమెకి ఒళ్ళు గగుర్పొడిచింది. ఒక్కో ముఖమే చూసుకుంటూ పోయింది. ఆ వరసలో ఎవరి ముఖం చూసినా ఏ గుర్తుకి వేస్తారో తెలియడంలేదు.